వద్దనగలిగే ప్రభుత్వం

2025 వేసవిలో అనంతపురంలో ఎక్కడ నలుగురు కలిసినా ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ) మాటే. విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి రెన్యువల్ కాలేదన్న కబురు ఊరూరా పాకాక ర్యాలీలు జరిగాయి, పార్టీలకు అతీతంగా నాయకులు ఢిల్లీకి విన్నపాలు పంపారు. ఆ రోజుల్లోనే టవర్ క్లాక్ దగ్గర ఒక టీ బంకు ముందు విన్న రెండు మాటలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. డిగ్రీ చదివే పిల్లవాడొకడు, "ఫారిన్ డబ్బు నిలిచిపోతే మాత్రం ఏమైతాదన్నా, గవర్నమెంటు చూసుకోదా?" అన్నాడు. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడిన పెద్దాయన అతని వైపు తిరిగి, "చూసుకోవల్లంటే ఏమేం చూసుకోవల్లో ముందు తెలిసుండల్ల గదా నాయనా" అన్నాడు.

అనుమతి ఇవ్వాలా వద్దా అన్నదాని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ కరువు నేలకు వచ్చి ఆర్డీటీగా మొదలుపెట్టిన పని ఇవాళ బత్తలపల్లి ఆసుపత్రిగా, ఆడవాళ్ల పేరు మీద కట్టిన ఇళ్లుగా మా కళ్ల ముందు నిలబడి ఉంది. అది ఆగకూడదు. పెద్దాయన అడిగింది మాత్రం దాన్ని దాటిన ప్రశ్న. విరాళంగానో అప్పుగానో బయటి దేశాల డబ్బు ఒక జిల్లాలోకి దశాబ్దాల తరబడి వస్తోంది. దాంతో ఏ ఊళ్లో ఏ పని నడుస్తోంది, రేపది ఆగితే ఎవరి మందులు ఆగుతాయి, ఏ పిల్ల చదువు ఆగుతుంది అన్న లెక్క జిల్లా పాలనలో ఎవరి బల్ల మీద ఉంది?

నేను కొన్నేళ్లు విదేశీ రుణంతో నడిచిన ఒక ప్రాజెక్టు జిల్లా ఆఫీసులో అకౌంట్లు చూశాను. అందుకే ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోది కాదు. విదేశీ సాయం అనగానే ఎంత వచ్చింది, ఎవరు తిన్నారు అన్న రెండు ప్రశ్నల దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. దాన్ని నడిపించుకునే చేవ ప్రభుత్వానికి ఉందా అన్నది మనం అడగం. ఆ చేవకు నా లెక్కలో కొలత ఒకటే: ఇవ్వడానికి వచ్చినవాళ్లతో "ఇది మాకు ఇప్పుడు వద్దు, అది కావాలి, ఈ మండలంలో కాదు, ఆ మండలంలో" అని ఆధారాలు ముందు పెట్టి చెప్పగలగడం. అలా చెప్పాలంటే జిల్లాలో ఏముందో తెలిసుండాలి. తెలిసినవాళ్లు కుర్చీలో ఉండాలి. ప్రాజెక్టు ముగిశాక కూడా వాళ్లు అక్కడే ఉండాలి.

తుంగభద్ర ఒడ్డున ఒక వీఆర్వో

2009 అక్టోబరు 2 గురించి కర్నూలు జిల్లా వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ వారం స్నేహితులతో కలిసి ఒక సహాయ బృందం వెంట మంత్రాలయం వైపు ఊళ్లకు వెళ్లాను. రోడ్డు పక్క కాలనీల్లో బియ్యం మూటలు, దుప్పట్లు, పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. రెండు మైళ్లు లోపలికి పోతే ఏమీ అందని ఊళ్లు. లారీ ఎంత దూరం పోగలిగితే అక్కడ దించి వెళ్తున్నారు, ఇచ్చేవాళ్లను తప్పు పట్టలేం. రెవెన్యూ సిబ్బంది దగ్గర జాబితాలు లేకపోలేదు. కూలిన ఇళ్లు, కొట్టుకుపోయిన పశువులు, ఇసుక మేట వేసిన పొలాలు, అన్నిటికీ ఫారాలున్నాయి. ఎవరు ఎక్కడ ఏం ఇచ్చారో రాసుకునే గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

ఒక్క ఊళ్లో ఉంది. అక్కడి వీఆర్వో తడిసి ఉబ్బిన నోటుపుస్తకంలో పెన్సిలుతో తానే ఒక గడి గీసుకున్నాడు. మేము లారీ ఆపగానే దగ్గరికొచ్చి చూసి, "బియ్యం మాకు సాలన్నా. అవతలూరికి ఇంకా ఒక్క లారీ కూడా పోలేదు, ఆడికి తీసకపోండి. మాకు ఎనుములకు గడ్డి కావల్ల. తెచ్చేటోళ్లు ఎవురన్నా ఉంటే మావూరి పేరు చెప్పండి" అన్నాడు. మా బృందంలో ఒకాయనకు కోపం వచ్చింది, ఇంటిముందుకొచ్చి ఇస్తుంటే వద్దంటాడా అని. నాకైతే ఆ వారమంతా తిరిగిన తిరుగుడులో ప్రభుత్వం కనిపించింది అక్కడే. అయితే ఆ గడి అతని సొంతం. పైనుంచి వచ్చిన ఫారంలో అది లేదు కాబట్టి మండలానికి పోయిన కాగితాల్లోనూ లేదు. ఇంకో వరదలో, ఇంకో వీఆర్వోకు అది తోచకపోతే మళ్లీ రోడ్డు పక్క గుట్టలే.

ఆ పెన్సిలు గడినే ఒక దేశం చట్టంగా మార్చిన సందర్భం ఉంది. 2004 డిసెంబరు సునామీలో ఇండోనేషియాలోని ఆచే తుడిచిపెట్టుకుపోయింది. ప్రపంచం నలుమూలల నుంచి వందల సంస్థలు డబ్బుతో దిగాయి. 2005 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం బీఆర్ఆర్ అనే పునర్నిర్మాణ సంస్థను పెట్టి, కుంతోరో మంగ్కుసుబ్రోతోకు అప్పగించింది. ఏ సంస్థ ఏం కట్టాలన్నా, ఎక్కడ కట్టాలన్నా ముందు చిన్న ప్రతిపాదన కాగితం ఇచ్చి బీఆర్ఆర్ ఒప్పుకోలు తీసుకోవాలి. తప్పులు జరగలేదని కాదు. నాసిరకం ఇళ్లు కూల్చి మళ్లీ కట్టాల్సి వచ్చిన చోట్లున్నాయి. అయినా ఎవరు ఎక్కడున్నారో చెప్పగలిగే చోటు ఒకటుంది. నాలుగేళ్ల గడువు పెట్టుకుని, 2009 ఏప్రిల్‌లో ఆ సంస్థ నిజంగానే తలుపులు మూసింది. 2010 భూకంపం తర్వాత హైతీలో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. వచ్చిన సాయంలో అక్కడి ప్రభుత్వం చేతికి చేరింది చాలా చిన్న భాగం, మిగతాదంతా దాన్ని పక్కనపెట్టి బయటి సంస్థల ద్వారానే ఖర్చయింది. ప్రభుత్వం బలహీనంగా ఉందని దాటవేశారు, దాటవేసినందువల్ల అది ఇంకా బలహీనపడింది.

ప్రాజెక్టు ఆఫీసు

ఇప్పుడు నేను దగ్గరగా చూసిన సంగతి. విదేశీ రుణ ప్రాజెక్టులో డబ్బు ఎలా కదులుతుందో బయట చాలామందికి తెలియదు. ప్రపంచ బ్యాంకు నుంచి జిల్లాకు చెక్కు రాదు. ముందు రాష్ట్రం తన బడ్జెట్ నుంచి ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చుకు లెక్కలు కట్టి, క్లెయిమ్ తయారుచేసి, ఢిల్లీలో ఆర్థిక శాఖ కిందున్న ఎయిడ్ అకౌంట్స్ విభాగానికి పంపాలి. వాళ్లు బ్యాంకు దగ్గర రాబట్టి రాష్ట్రానికి మళ్లిస్తారు. క్లెయిమ్ ఆలస్యమైతే రాష్ట్రం డబ్బు ఇరుక్కుపోతుంది. వాడుకోని రుణం మీద కూడా రుసుము కట్టాలి. ఆసియా అభివృద్ధి బ్యాంకుకు (ఏడీబీ) అది ఏడాదికి 0.15 శాతం. వెయ్యి కోట్ల రుణం తీసుకుని పనులు మొదలుపెట్టకుండా కూర్చుంటే ఏడీబీకి ఏడాదికి కోటిన్నర ఊరికే పోతుంది.

2005కు ముందు సంగతి ఇంకొకటి. అప్పట్లో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం విదేశీ రుణాన్ని 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా మార్చి ఇచ్చేది. రూపాయి పడిపోతే ఆ నష్టం కేంద్రానిదే. పన్నెండో ఆర్థిక సంఘం తర్వాత అది పోయింది. ఏ షరతులతో వచ్చిందో అవే షరతులతో రాష్ట్రం నెత్తినే పడుతుంది, మారకపు నష్టంతో సహా. రాష్ట్రం భరించే బరువు పెరిగింది. బేరమాడే చేవ అంతే పెరిగిందా అంటే, నేను చూసినంతలో లేదు.

ఇంత పని రెగ్యులర్ డిపార్ట్‌మెంటు చేయలేదని మొదటే తేల్చేసి, ప్రతి ప్రాజెక్టుకూ ఒక పీఎంయూ (ప్రాజెక్టు నిర్వహణ విభాగం) పెడతారు. కాంట్రాక్టు మీద చురుకైన పిల్లలు, మంచి జీతం, కొత్త కంప్యూటర్లు, అద్దె జీపు. పని నిజంగానే వేగంగా జరుగుతుంది, అది నేను కాదనను. క్లెయిములు వేళకు పోతాయి, మిషన్ (డబ్బిచ్చినవాళ్ల పరిశీలన బృందం) వస్తే ప్రజెంటేషన్ సిద్ధం. ప్రాజెక్టు గడువు ముగిసిన నెలలో ఆ పిల్లలంతా, పెళ్లయ్యాక వంటవాళ్లు గుండిగలు సర్దుకుని ఇంకో ఊరికి పోయినట్టు, ఇంకో రాష్ట్రంలో ఇంకో ప్రాజెక్టుకు వెళ్లిపోతారు. డిపార్ట్‌మెంటు మనిషి మొదటి రోజు ఎక్కడున్నాడో చివరి రోజూ అక్కడే ఉంటాడు. పైగా తన ఆఫీసులో తన పని వేరేవాళ్లు రెట్టింపు జీతంతో చేయడం అన్నేళ్లూ చూసినవాడు కాబట్టి కొంచెం చేదుగా కూడా ఉంటాడు.

ప్రాజెక్టు ముగిసిన చాలాకాలానికి ఒక యువ ఇంజనీరు నా ఫోన్ నంబరు వెతుక్కుని మరీ అడిగాడు. ఫలానా వాగు మీద పాత వాటర్‌షెడ్ మ్యాపులు ఎక్కడ దొరుకుతాయి సార్ అని. అదే వాగు మీద కొత్త పథకం కింద చెక్‌డ్యాములు వేయాలి. మ్యాపులు తయారుచేసింది కన్సల్టెంట్లు. ప్రింటు కాపీలు ఒక బీరువాలో ఉండేవి, ఆఫీసు మారినప్పుడు బీరువా వెళ్లింది, కాగితాలు వెళ్లలేదు. చివరికి అతను మళ్లీ సర్వే చేయించుకున్నాడు. ఆ సర్వేకు మళ్లీ డబ్బు, అది కూడా అప్పులోంచే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ గొడవ ఇంకొంచెం ముదిరింది. పాత అనంతపురం కాగితం పుట్టపర్తిలో ఉండాలా అనంతపురంలో ఉండాలా అని అడిగితే రెండుచోట్లా రెండో చోటే చెబుతారు.

అనంతపురం పల్లెల్లో గడిచిన ముప్పై ఏళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో చూడండి. ఆర్డీటీ ఉంది. 1990ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో పేదల పొదుపు సంఘాల పథకం వెలుగు. అదే సమయంలో బ్రిటన్ విదేశీ సాయం శాఖ డీఎఫ్ఐడీ డబ్బుతో గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమం, వాటర్‌షెడ్లు. తర్వాత ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధి ఇఫాడ్ రుణంతో కరువు ప్రాజెక్టు. ప్రకృతి సేద్యానికి జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం. ఒక్కొక్కటీ మంచి ఉద్దేశంతోనే వచ్చింది, ఒక్కొక్కటీ తన సంఘం తాను పెట్టుకుంది. కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్లో సంఘం లీడరక్కను మినిట్స్ పుస్తకం చూపించమని అడిగితే ఇంట్లోంచి సంచి తెచ్చి అరుగు మీద కుమ్మరించింది. "ఏ సంగం బుక్కు సారూ? పొదుపుదా, వాటర్‌షెడ్డుదా, రైతులదా? అన్నిట్లోనూ మేమే ఉండాము, పుస్తకాలే వేరు." సంతకాలు చేసే చేతులు అవే, మీటింగులకు పోగొట్టుకునే కూలి దినాలూ ఆ ఇళ్లవే. ఈ సంచి బరువు తగ్గించడం ఏ ఒక్క దాత సంస్థ వల్లా కాదు. ఎవరి పుస్తకం వాళ్లకు ముఖ్యం. అన్నీ కలిపి ఒకటే పుస్తకం చాలు అని చెప్పాల్సింది ప్రభుత్వం.

ఇది మన ఒక్కరి రోగం కాదు. 2005లో ఒక్క వియత్నాంకే 791 దాత మిషన్లు వెళ్లాయని లెక్క తేలింది. రోజుకు రెండుకు పైగా. ప్రతి మిషన్‌కూ ఒక సెక్రటరీ సగం రోజు కూర్చోవాలి. ఆ ఏడాదే పారిస్‌లో దాత దేశాలూ తీసుకునే దేశాలూ కలిసి, ఇకనుంచి తీసుకునే దేశం సొంత ప్రణాళికల వెంటే, సొంత పద్ధతుల్లోనే సాయం నడవాలని ఒప్పందం రాసుకున్నాయి. తర్వాత 2008లో అక్రా, 2011లో బుసాన్ సదస్సులు. మాట అక్కడ బాగానే ఉంది. జరగాల్సింది తీసుకునేవాడి ఇంట్లో.

ఒకే నీళ్లు, రెండు రుణాలు

సమన్వయం అంటే మీటింగులు పెట్టడమే కదా, దానికింత రాద్ధాంతమా అనేవాళ్లకు కర్నూలు-కడప కాలువ, అంటే కేసీ కాలువ చూపిస్తాను.

ఆ కాలువ పుట్టుకే విదేశీ పెట్టుబడి. లండన్‌లో పోగుచేసిన డబ్బుతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో సుంకేసుల నుంచి కడప వైపు తవ్వింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం. నల్లరేగడిలో జొన్న, పత్తి వర్షాధారంగా పండించుకునే రైతులు కంపెనీ ఆశించినంత నీళ్లు కొనలేదు. గ్యారంటీ ఉంది కాబట్టి వాటాదారులకు వడ్డీ అందుతూనే ఉంది, భారం ఖజానా మీద పడింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. ఈ నేలకు ఈ నీళ్లు ఏ నెలలో కావాలి, ఎంత కావాలి అని ఇక్కడి మనిషిని అడిగి పెట్టిన లెక్క కాదది.

నూరేళ్లు దాటాక అదే కాలువను ఆధునికీకరించడానికి 1996లో జపాన్ రుణం వచ్చింది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో కేసీ కాలువకు 39.9 టీఎంసీలు. మరోపక్క పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం కుడి గట్టు కాలువ, మనం ఎస్సార్బీసీ అనేది, 1980ల నుంచి ప్రపంచ బ్యాంకు రుణాలతో నడిచింది. దానికి పెట్టిన 19 టీఎంసీల్లో 8 టీఎంసీలు ఎక్కడివి? కేసీ కాలువను బాగుచేస్తే మిగిలే నీళ్లని కాగితం మీద రాసుకున్నవి. అంటే ఒక కాలువకు జపాన్ డబ్బుతో చేసే పని ఫలిస్తేనే, ప్రపంచ బ్యాంకు డబ్బుతో తవ్వే కాలువకు నీళ్ల లెక్క సరిపోతుంది. జపాన్ ఇంజనీరు తన కాలువ లైనింగ్ చూసుకుంటాడు. ప్రపంచ బ్యాంకు మిషన్ తన కాలువ మట్టిపని చూసుకుంటుంది. రెండిటి మధ్య ఉన్న ఆ ఎనిమిది టీఎంసీలు ఏ రుణదాత పరిధిలోకీ రావు. వాటిని పట్టుకోవాల్సింది మన ప్రభుత్వంలో రెండు ఫైళ్లనూ ఒకే బల్ల మీద తెరిచే మనిషి. నీళ్లకు రుణ ఒప్పందాలు తెలియవు. బనకచర్ల దగ్గర గేటు ఎత్తేవాడికి మాత్రం ఏ ఫైలులో ఏముందో తెలియాలి.

కడప జిల్లా చాపాడు వైపు చివరి ఆయకట్టు రైతు ఒకాయన నాతో అన్నాడు: "కాలవకు సిమెంటు పూసినారు, బాగనే ఉండాది. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పే మనిషినే పెట్టలేదు." సాయం కట్టడాలకు వస్తుంది, కట్టించిన తర్వాత నడిపే మనిషికి రాదు. శ్రీ సత్యసాయి ట్రస్టు విరాళాలతో 1990ల్లో ఏడు వందలకు పైగా అనంతపురం పల్లెలకు మంచినీళ్లు వచ్చాయి. ఎంత గొప్ప పని అది! ప్రభుత్వానికి అప్పగించాక దాన్ని నడిపే కార్మికులు జీతాల కోసం సమ్మెకు దిగిన వార్తలు మన జిల్లా పేజీల్లో ఎన్నోసార్లు చదివాం. కట్టేముందే "పదేళ్ల తర్వాత దీని కరెంటు బిల్లు, జీతాలు ఏ పద్దులోంచి" అని అడగడం ప్రభుత్వం పని. బోట్స్వానా ఆ పని చేసి చూపించింది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అతి పేద దేశాల్లో ఒకటి. అయినా జాతీయ ప్రణాళికలో లేని ప్రాజెక్టును ఏ దాత తెచ్చినా ఆర్థిక శాఖ ఒప్పుకునేది కాదు, తర్వాతి ఏళ్ల నిర్వహణ ఖర్చు ఎవరిదో తేలాకే సంతకం. వజ్రాలు దొరికాక వాళ్లకు బేరమాడే బలం పెరిగిన మాట నిజమే. వజ్రాలు దొరికిన దేశాలన్నీ అలా చేయలేదన్నదీ నిజమే.

ఓర్వకల్లు నన్ను తడబెట్టే చోటు

ఇంతవరకు రాసింది చదివి, పీఎంయూలు చెడ్డవి, డిపార్ట్‌మెంట్లు మంచివి అంటున్నానని అనుకోవచ్చు. అంత సులువుగా తేలే విషయమైతే నాకూ బాగుండేది. కర్నూలు పక్కనే ఓర్వకల్లు ఉంది.

1990ల నడుమ యూఎన్‌డీపీ పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని మండలాల్లో మొదలైంది. డబ్బు పెద్దదేమీ కాదు. ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపు సంఘాలను గ్రామ సమాఖ్యగా, మండల సమాఖ్యగా పేర్చుకుంటూ పోయారు. ఆ మూడు జిల్లాల్లో నేర్చుకున్నదాన్ని రాష్ట్రం పట్టుకుంది. 2000లో సెర్ప్ అనే సొసైటీ పెట్టి, ప్రపంచ బ్యాంకు రుణంతో అనంతపురంతో సహా ఆరు జిల్లాల్లో వెలుగు మొదలుపెట్టింది. తర్వాత మిగతా జిల్లాలకూ విస్తరించింది. ప్రభుత్వాలు మారాయి, పేరు ఇందిరా క్రాంతి పథం అయింది, మళ్లీ మారింది, సంస్థ మాత్రం ఉండిపోయింది. 2011లో దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు ఈ అనుభవమే దానికి పెద్ద ఆధారాల్లో ఒకటి. బయటి డబ్బును ఒక ప్రభుత్వం తన పని కోసం వాడుకున్న తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర నాకు కనబడలేదు.

కానీ సెర్ప్ డిపార్ట్‌మెంటు కాదు! నేను తిట్టిపోసిన పద్ధతిలోనే, రెగ్యులర్ శాఖల బయట పెట్టిన సొసైటీ. మరి అదెందుకు నిలిచింది? చాలాకాలం ఆలోచించాను. లోపల పెట్టారా బయట పెట్టారా అన్నది నేను అనుకున్నంత ముఖ్యం కాదేమో. బ్యాంకు గడువు ముగిసిన మర్నాడు కూడా ఆ ఏపీఎంకు (అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు), ఆ కమ్యూనిటీ కోఆర్డినేటరుకు జీతం వచ్చింది. అప్పు తీరకముందే రాష్ట్రం దాన్ని తన సొంతం అనుకుంది. ఓర్వకల్లులో పని అప్పటికే కళ్లకు కనబడుతున్నందువల్ల ఏం అడగాలో తెలిసి బ్యాంకు ముందు కూర్చున్నారు. వీటితో పాటు కింద లక్షలమంది ఆడవాళ్లున్నారు, ఏ ప్రభుత్వమూ ఆ సంఘాలను ఎత్తేసే ధైర్యం చేయలేదు. చెక్‌డ్యాముకు ఓట్లుండవు. అందుకే వాటర్‌షెడ్ మ్యాపులు పోయాయి, పొదుపు పుస్తకాలు మిగిలాయి. ఈ చివరి కారణం ఎంత బలమైనదో తలుచుకున్నప్పుడల్లా, ఆఫీసు ఎక్కడ పెట్టాలన్న నా పట్టుదల కొంత సడలుతుంది. మనిషి కొనసాగాలన్న పట్టుదల మాత్రం సడలదు.

అదుపు భయం

ఎన్జీవోలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒక అక్క ఈ వాదనంతా విని తల అడ్డంగా ఊపింది. "నువ్వు సమన్వయం అంటాండావు. వాళ్లు దాన్ని పెత్తనం అని చదువుకుంటారు. ఏ ఊళ్లో ఎవరి డబ్బుందో రాసిన నీ లిస్టు చేతికిస్తే మొదట చేసే పని ఎవరి డబ్బు ఎట్లా ఆపాలా అని చూడటమే." ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణలు చూడండి. డబ్బంతా ముందు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలో పడాలి. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తనకొచ్చిన విరాళంలో ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల నుంచి నాలుగు రూపాయలు అందుకుని తాలూకా స్థాయిలో పనిచేసే చిన్నవాళ్లకు ఆ చివరి నిబంధన ఒక్కటి చాలు మూతపడటానికి.

ఆమెకు నేను ఇచ్చిన జవాబు ఇది. అదుపు చేసేవాడు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాడు. నేను కోరుతున్నవాడు అది ఏ ఊరికి పోతోంది, అక్కడ ముందే ఏముంది అని అడుగుతాడు. ఇప్పుడున్న ఏర్పాటులో మొదటివాడున్నాడు, రెండోవాడు లేడు. విరాళాల లెక్క ఢిల్లీలో హోం శాఖకు పోతుంది. రుణాల లెక్క అదే ఢిల్లీలో ఆర్థిక శాఖకు పోతుంది. ఈ రెండు కాగితాలూ కలుసుకునే చోటు జిల్లాలో లేదు. అందుకే ఒక సంస్థ అనుమతి ఆగిన రోజున, దానివల్ల ఏ ఆసుపత్రిలో ఏం ఆగుతుందో ఆ నిర్ణయం తీసుకునే బల్లకు జిల్లా వైపు నుంచి చెప్పే పద్ధతంటూ లేదు. జనం రోడ్డు మీదికొచ్చి చెప్పాల్సి వచ్చింది. జిల్లా దగ్గర ఆ లెక్క బహిరంగంగా ఉంటే అది ఆ సంస్థకే రక్షణ అని నా నమ్మకం. అక్క పూర్తిగా ఒప్పుకోలేదు. "బహిరంగంగా అన్నావు చూడు, అది గట్టిగా పట్టుకో" అంది. పట్టుకున్నాను. ప్రభుత్వం ఒక్కదాని చేతిలో మూసిన జాబితాగా ఉండేటట్టయితే అసలు వద్దు. రువాండా 2010లో ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టకూడదని తేల్చి పంచింది. సాయాన్ని క్రమంలో పెట్టిన తీరుగా దాన్ని అందరూ చూపిస్తారు. అక్కడ ప్రభుత్వాన్ని విమర్శించే గొంతుకు చోటు ఎంత ఇరుకో కూడా చెప్పాలి. నాకు ఆ క్రమం కావాలి, ఆ మౌనం వద్దు.

ఇంకో అభ్యంతరం కూడా విన్నాను. మనం ఇప్పుడు ఇచ్చే దేశం, తీసుకునే దేశం కాదు, ఇదంతా పాత గోల అని. 2003 బడ్జెట్‌లో జశ్వంత్ సింగ్ చిన్న దాత దేశాల సాయం ఇక అక్కర్లేదన్నారు. 2004 సునామీలో విదేశీ ప్రభుత్వాల సాయం వద్దన్నాం, 2018 కేరళ వరదల్లోనూ వద్దన్నాం. ఢిల్లీకి వద్దనడం వచ్చు. అయితే అది ఇచ్చేవాడి ముఖం చూసి చెప్పిన వద్దు. తెచ్చిన పథకం చూసి, మన నేల చూసి చెప్పేది వేరు. అప్పులు ఏమైనా తగ్గాయా? 2024 డిసెంబరులో ఒక్క అమరావతికే ప్రపంచ బ్యాంకు, ఏడీబీ చెరో దాదాపు 80 కోట్ల డాలర్లు ఆమోదించాయి. గ్రాంట్లు పోయి అప్పులు మిగిలినప్పుడు బేరమాడటం ఇంకా ఎక్కువ రావాలి. గ్రాంటు డబ్బు కూడా ఎప్పుడు ఆగుతుందో ఇచ్చేవాడి రాజకీయాలే తేలుస్తాయి. 2025 జనవరిలో అమెరికా ఒక్క ఆదేశంతో విదేశీ సాయాన్ని నిలిపేసింది, జూలైకల్లా ఆ సాయం పంచే యూఎస్ఎయిడ్ సంస్థ పనే ఆగిపోయింది. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ మందుల కోసం దాని మీద ఆధారపడిన దేశాల్లో, ఏ క్లినిక్ ఎవరి డబ్బుతో నడుస్తోందో రాసి పెట్టుకున్నవాళ్లు ప్రత్యామ్నాయం ఆలోచించగలరు. రాసుకోనివాళ్లు రోగులు వచ్చి చెబితే తెలుసుకుంటారు.

ఏం అడుగుతున్నాను

కొత్త ఐటీ పోర్టల్ అడగడం లేదు. ప్రతి కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు ఉంది. రాజ్యాంగం 243జెడ్‌డీ అధికరణ కింద జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలి. ఈ రెండూ ఇవాళ ఎక్కువగా గణాంకాలు పంపడానికి, సంతకాలకు పనికొస్తున్నాయి. ఆ ఆఫీసులో ముగ్గురు నలుగురు రెగ్యులర్ మనుషుల్ని పెట్టండి, అందులో ఒకరికి రుణ ఒప్పందం చదవడం, ఒకరికి మ్యాపు చదవడం వచ్చి ఉండాలి. కలెక్టర్లు మారుతుంటారు, వీళ్లను మాత్రం కనీసం ఐదేళ్లు కదపకండి. ప్రాజెక్టు ఏదైనా, దాని మ్యాపులు, సర్వేలు, సంఘాల జాబితాలు గడువు ముగిసే లోపు ఈ ఆఫీసుకు చేరితేనే కన్సల్టెంటుకు చివరి బిల్లు. సాయం ఇచ్చే సంస్థలు కూడా, ప్రతిసారీ కొత్త పీఎంయూకు పెట్టే డబ్బులో కొంత ఈ నలుగురి శిక్షణకు పెట్టడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎందుకో అడగాలి. అంతకంటే ముఖ్యంగా, ఈ జిల్లాలో ఏ ఊళ్లో ఏ బయటి డబ్బు నడుస్తోందో తెలుగులో రాసిన జాబితా ఒకటి ఏడాదికోసారి జిల్లా పరిషత్ సమావేశంలో చదివి, గ్రామ సచివాలయాల గోడలకు అంటించాలి. ఆ ఊరివాళ్లు తప్పులు దిద్దుతారు.

మేము కొంతమందిమి కలిసి సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాసి పెట్టుకున్నాం. అనంతపురం, పుట్టపర్తి రెండు కలెక్టరేట్లకూ ఒకేలాంటిది ఇస్తున్నాం. జిల్లాలో ఇప్పుడు నడుస్తున్న విదేశీ రుణ ప్రాజెక్టులేవి, వాటి గడువు ఎప్పుడు ముగుస్తుంది, ముగిశాక నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద చూపారు, 2000 తర్వాత ముగిసిన ప్రాజెక్టుల మ్యాపులూ నివేదికలూ ఇప్పుడు ఏ ఆఫీసులో, ఎవరి అధీనంలో ఉన్నాయి, విదేశీ విరాళాలతో ఆసుపత్రులు, బడులు నడిపే సంస్థల పని గురించి జిల్లా దగ్గర ఊరివారీగా ఏ రికార్డు ఉంది. ఇవే ప్రశ్నలు. కర్నూలు, నంద్యాల, కడప మిత్రులు కూడా తమ జిల్లాల్లో ఇవే అడగాలని కోరుతున్నాను. కేసీ కాలువ కిందివాళ్లు ఆ ఎనిమిది టీఎంసీల గురించి ఇంకో ప్రశ్న కలపాలి.